నడుం పీట

2వ తారీఖు, మంగళవారం

డైరీలో ఆదివారం అని అచ్చయి ఉంది, కొట్టేశాను. జిప్పుల కంపెనీ వాడు ఏడేళ్ల కిందట ఊరికే ఇచ్చిన డైరీ. దీనికి వారాలు కలవవు, నాకు మనుషులు కలవరు. ఇద్దరం సరిపోయాం.

నోటితో చెబితే ఎవరూ నమ్మరు కాబట్టి రాస్తున్నాను. ఏడో తరగతితో ఆపేసినవాడి రాత ఎలా ఉంటే ఏం, చదివేది నేనేగా.

అమ్మాయి ఈ పొద్దున బస్సెక్కింది. నూలు మిల్లులో సూపర్‌వైజర్ ఉద్యోగం, ముందు ఆరు వారాలు వేరే ఊళ్లో శిక్షణ. అల్లుడు ఓడ మీద వంటవాడు, వాడి కాలు నేలకి తగలడానికి ఇంకా మూడు నెలలు. అందుకని పొట్లం నా దగ్గర. పొట్లం అంటే మనవరాలు. పదిహేను నెలలు, పదిన్నర కిలోలు, గోడ పట్టుకుంటే నడుస్తుంది, గోడ అయిపోతే కూలబడుతుంది.

వియ్యపురాలు కూడా బస్టాండుకు వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయింది కానీ మనుషులకి మార్కులు వేయడం ఇంకా రిటైరవలేదు.

"చూడండి అన్నయ్యగారూ, మూడో ఆదివారం వచ్చి చూస్తాను. పాప ఒంటి మీద ఒక్క గీత కనబడినా నాతో తీసుకెళ్లిపోతాను. బడిలో వేసే వయసు వచ్చేదాకా మా ఊళ్లోనే. మీ వేళాకోళాల మధ్య పెరగాల్సిన పిల్ల కాదు అది."

"గీతంటే ఎంత పొడుగు గీతండీ? స్కేలు మీరే తెస్తారా?" అన్నాను.

"నాన్నా!" అంది అమ్మాయి.

బస్సు కదిలేటప్పుడు అమ్మాయి పొట్లాన్ని నా చేతికి ఇవ్వలేదు. బెంచీ మీద కూర్చోబెట్టింది. అక్కణ్ణుంచి నేను తీసుకున్నాను. దిండు సంగతి గుర్తొచ్చిందేమో. ఎప్పటి మాటో అది. ఇప్పుడెందుకు.

4, గురువారం

మగాడికి నడుం లేదు. ఈ వయసుకి కనిపెట్టాను. ఆడవాళ్లకి దేవుడు పక్కన అరుగు కట్టి ఇచ్చాడు, మనకి గోడ తిన్నగా లేపేసి మేస్త్రీ కూలి మిగుల్చుకున్నాడు. చంకనేసుకుంటే పొట్లం నిమిషానికోసారి మోకాలి దాకా జారుతోంది. ఎగదోస్తాను, జారుతుంది. దింపితే ఏడుస్తుంది. తల్లి వెళ్లిన దగ్గర్నుంచి నవ్వలేదు.

నా బ్యాగుల రిపేరు కొట్టు పక్కన తాళాలాయన కొట్టు. వాడు ఉదయం నుంచి నా అవస్థ చూసి మధ్యాహ్నానికి నోరు విప్పాడు.

"బావా, పిల్లల్ని కూర్చోబెట్టుకునే బెల్టులు వచ్చాయట. నడుంకి కట్టుకుంటే ముందు చిన్న పీటలా ఉంటుందట."

"ఆ మాట పొద్దున చెప్పకూడదూ?"

"పొద్దున నువ్వు చెబితే వినే మొహంలో లేవు."

5, శుక్రవారం

కొన్నాను. దాన్ని హిప్ సీట్ అంటారట. నేను నడుం పీట అంటాను. నా నడుం, నా ఇష్టం.

కొట్లో అమ్మకం పిల్ల మూడు చూపించింది. మొదటిది చూడ్డానికి పెళ్లికూతురు. వేలితో నొక్కితే లోపల దిమ్మ కరకరమంది. థర్మాకోలు. నెల తిరిగేసరికి పిండైపోతుంది. రెండోదానికి పీట కింద అర, పీటకి జేబులు, జేబులకి జేబులు. "సీసా పెట్టుకోవచ్చు, డైపరు పెట్టుకోవచ్చు, ఫోను పెట్టుకోవచ్చు అంకుల్" అంది. "పిల్లని ఎక్కడ పెట్టాలమ్మా?" అన్నాను. పీట ముందుకి వాలి ఉంది, పైన గుడ్డ నున్నగా ఉంది. పిల్లలు ఆడుకునే జారుడుబల్ల వేరే కొనక్కర్లేదు.

మూడోది ముదురు బూడిద రంగు, అందం లేదు. తిరగేశాను. బెల్టు వెడల్పు నా జానెడు. పీట దిమ్మ గట్టిగా ఉంది, లోపలి వైపుకి కాస్త వాలుగా ఉంది, అంటే పిల్ల మన ఒంటి మీదికే ఒరుగుతుంది. పైన రబ్బరు చుక్కలు, పట్టు ఉంటుంది. పిల్ల తొడలు రెండూ ఆనేంత వెడల్పు. కాళ్లు వేలాడవు, కప్పలా రెండు పక్కలకీ వస్తాయి. పట్టీ కలిసే చోట అడ్డకుట్టు గోటితో గీరి చూశాను. లేవలేదు. కుట్టినవాడు ఎవడో గానీ తిండి తిని కుట్టాడు. ముందు అతుక్కునే వెల్క్రో పట్టీ, దాని మీద బకిల్. రెండు కాపలాలు.

"అలా గీరకూడదు అంకుల్" అంది పిల్ల.

"గీరితే పోయేదాన్ని నాకెలా అమ్ముతావమ్మా?"

షోకేసులో బొమ్మని పీట మీద కూర్చోబెట్టుకుని అద్దం ముందు తిరిగాను. దాని చెయ్యి ఊడి వచ్చింది. ముందే ఊడి ఉంది, ప్రమాణం.

సాయంత్రం అమ్మాయికి ఫోను చేసి వెల్క్రో చర్ర్‌మని చీల్చి వినిపించాను. "అదేంటి నాన్నా, ఏం చింపావు?" అని కంగారుపడింది. ఇరవై ఆరేళ్లొచ్చినా ఇంకా దొరికిపోతూనే ఉంది.

6, శనివారం

పొట్లం నిద్రపోయాక బెల్టు విప్పాను. చర్ర్. లేచి కూర్చుంది. ఈ సంగతి అమ్మకం పిల్ల చెప్పలేదు.

8, సోమవారం

బెల్టు పొట్ట కింద కట్టుకోకూడదు. ప్యాంటులాగ కట్టుకుని రెండు రోజులు తిరిగితే నడుం సున్నా చుట్టింది. ఈ రోజు బొడ్డు పైన బిగించాను. బరువు తుంటి మీదికి దిగింది, వీపు తిన్నగా నిలబడింది. ఎడం చెయ్యి పొట్లం వీపు చుట్టూ, కుడి చెయ్యి ఖాళీ. ఒక్క చెయ్యి మాత్రం ఎప్పుడూ పిల్ల మీద ఉండాల్సిందే. కూర్చుంటే పీట వెళ్లి మిషన్ బల్లకి గుద్దుకుంటోంది, అందుకని పిల్ల ఉన్నంతసేపూ నిలబడి చేసే పనులు: కత్తిరింపు, జిప్పుల రన్నర్లు ఎక్కించడం. మిషన్ పని అది పడుకున్నాక.

వీధంతా చూడ్డానికి వచ్చింది. టీ కొట్టు దగ్గర ఒకడు, "ఎన్నో నెల?" అన్నాడు.

"పదిహేనో నెల. నీలాగ ఏడుకే బయటపడలేదు" అన్నాను.

ఇంకొకడు, "మగాడివై ఉండి" అని మొదలుపెట్టాడు. వాడి బ్యాగు నా కొట్లో రెండు వారాల నుంచి ఉంది. ఇంకో రెండు వారాలు ఉంటుంది.

పొట్లం నా చంకన ఉండగానే, "ఇది ఏదిరా, ఇప్పుడే ఇక్కడుంది!" అని బల్ల కింద వంగి చూశాను. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారనే సామెత నన్ను చూసే పుట్టి ఉంటుంది. ఎవరూ చూడలేదు. తాళాలాయన చూశాడు.

10, బుధవారం

ఈ రోజు పొట్లం నవ్వింది!

తాళాలాయన కింద పడ్డ స్క్రూ కోసం వంగాడు. నేను వెనకాలే నిలబడి వెల్క్రో అంచు పట్టి ఒక్క లాగు లాగాను. చర్ర్‌ర్. వాడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని ప్యాంటు పట్టుకుని నిటారుగా లేచాడు. పీట మీదున్న పొట్లం పడీపడీ నవ్వింది. ఎనిమిది రోజుల నవ్వు ఒక్కసారే నవ్వింది. ఎక్కిళ్లు పట్టాయి.

పిల్ల కూర్చుని ఉండగా వెల్క్రో లాగితే ఏం కాదు, బకిల్ పట్టుకుని ఉంటుంది. చూసుకునే చేశాను.

13, శనివారం

ఇప్పటికి ఈ చర్ర్‌కి బోల్తా పడ్డవాళ్లు: తాళాలాయన నాలుగుసార్లు, పోస్టుమాన్, టీ కొట్టువాడు, ఆ "మగాడివై ఉండి" గాడు (వాడు నిజంగానే వెనక చూసుకోవడానికి గోడ చాటుకి వెళ్లాడు). ఎవరైనా వంగితే చాలు, పొట్లం నా చెయ్యి పట్టి బెల్టు అంచు మీద పెడుతోంది.

మధ్యాహ్నం భోజనం అయ్యాక మాత్రం బెల్టు పొట్టని కోసేస్తోంది. బకిల్ తీసి కాస్త ఊపిరి పీల్చుకుని మళ్లీ పెట్టుకుంటున్నాను.

16, మంగళవారం

ఈ రోజు ఏమీ జరగలేదు.

17, బుధవారం

పొట్లం పై పెదవి కాస్త వాచింది. చీమ కుట్టి ఉంటుంది. కొట్లో చీమలు ఎక్కువయ్యాయి.

డాక్టరమ్మకి చూపించాను, ఊరికే. తల, కళ్లు, పళ్లు అన్నీ చూసి ఏం ఫర్వాలేదంది. చీమ కుడితే డాక్టరు దాకా ఎందుకని ఎవరైనా అడగొచ్చు. అడిగేవాళ్లు ఎవరూ లేరు.

బెల్టు మేకుకి తగిలించాను. ఉక్కగా ఉంది.

18, గురువారం

చీమే.

20, శనివారం

రేపు మూడో ఆదివారం, వియ్యపురాలు టీచరమ్మ వస్తుంది. రానీ. నాకేం భయం. వాపు పోయింది, చిన్న పొక్కు మిగిలింది, అంతే. నా ఇల్లు, నా మనవరాలు, నా చీమలు.

21, ఆదివారం

వచ్చింది. చెప్పులు విప్పకముందే పాప మొహం చేతుల్లోకి తీసుకుని వెలుతురులోకి తిప్పింది.

"ఇదేమిటి?"

"చీమండీ."

నా మొహం వైపు చూసింది. నేను ఆమె మొహం వైపే చూశాను. ముప్పై ఏళ్లు పిల్లల అబద్ధాలు దిద్దిన మనిషి. ఇక అయిపోయిందనుకున్నాను.

"చీమలకేం తెలుస్తుంది పాపం" అని వదిలేసింది!

అక్కడితో ఆగితే బాగుండేది. మేకుకున్న బెల్టు దింపి, కుట్లు చూసి, పీట నొక్కి, "శ్రద్ధగా ఏరి కొన్నారు అన్నయ్యగారూ. మిమ్మల్ని నేను తక్కువగా అనుకున్నాను" అంది. వెళ్లేటప్పుడు, "అమ్మాయికి కూడా చెబుతాను, మీరు మారారని" అంది.

గెలిచాను. పొట్లం ఇక్కడే.

భోజనం సయించలేదు.

22, సోమవారం

తేలు కుట్టిన దొంగ నోరెత్తడంటారు. చీమ కుట్టిందని చాటింపు వేసిన దొంగని నేనొక్కణ్ణే. రాసేస్తాను.

పోయిన మంగళవారం భోజనం అయింది. పొట్ట కోసేస్తోందని బకిల్ తీశాను. పొట్లం ఏడుస్తోంది. తాళాలాయన దాని కోసమే, స్క్రూ ఏమీ పడకుండానే, కావాలని వంగాడు. అది నా చెయ్యి పట్టి వెల్క్రో మీద పెట్టింది. లాగాను. బకిల్ పెట్టుకోలేదని లాగాక గుర్తొచ్చింది.

బెల్టు మొత్తం విచ్చుకుంది. పీట, దాని మీద పొట్లం, రెండూ జారిపోయాయి. ఎడం చెయ్యి పిల్ల వీపు చుట్టూ ఉండాలి. నవ్వడానికి తీసి తొడ చరుచుకుంటున్నాను. కాలు ఒక్కటి దొరికింది. మూతి స్టూలు అంచుకి తగిలింది. రక్తం వచ్చింది.

తాళాలాయన వంగినవాడు వంగినట్టే తిరిగి చూశాడు. ప్యాంటు పట్టుకునే ఉన్నాడు.

"నేనెవరికీ చెప్పను బావా" అన్నాడు తర్వాత. నేను అడగకుండానే.

దిండు సంగతి కూడా రాసేస్తే ఒక పని అయిపోతుంది. అమ్మాయికి అప్పుడు ఎనిమిది నెలలు. మేడ మీద దిండుకి దాని గౌను తొడిగి, "అయ్యో, జారిపోయిందే!" అని అరిచి, కింద బట్టలు ఉతుకుతున్న దాని తల్లి ముందుకి వదిలాను. నవ్వుతుందనుకున్నాను. అరవలేదు, స్పృహ తప్పి పడిపోయింది. లేచాక పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. పన్నెండో రోజు నుంచి మాట్లాడింది, కానీ పిల్లని మాత్రం మళ్లీ నా చేతికి ఇవ్వలేదు. కావాలంటే మంచం మీద పెట్టి పక్కకి జరిగేది. పిల్ల పెద్దదయ్యాక ఆ కథ చెప్పింది. ఆమె పోయి నాలుగేళ్లయింది. నా మీద ఆమె చెప్పిన చాడీ అదొక్కటే, అదీ నిజం.

మగాడికి నడుం లేదని పైన రాశాను. ఎత్తుకుంటే కదా తెలిసేది.

23, మంగళవారం

అమ్మాయికి ఫోను చేశాను.

"అమ్మా, ఒక మాట. పాప నా చేతిలోంచి జారింది. పెదవి చిట్లింది. చీమ కాదు."

అవతల మిల్లు చప్పుడు. తర్వాత, "దిండా నాన్నా?" అంది.

"దిండు కాదమ్మా. ఈసారి పాపే."

"అత్తయ్య మొన్న ఫోను చేశారు. పాప బంగారంలా ఉందన్నారు. మీ నాన్న మారారన్నారు. ఆవిడ నోట ఆ మాట విని నేను ఎంత పొంగిపోయానో తెలుసా? ఒక్క రెండు రోజులు కూడా ఉండనివ్వవా ఆ సంతోషం?"

"నిజం చెబుతున్నానే."

"నీ నిజాలు నాకు తెలుసు. షిఫ్టు మొదలవుతోంది, పెట్టేస్తున్నాను."

అబద్ధం చెబితే హెడ్‌మిస్ట్రెస్ నమ్మింది. నిజం చెబితే కన్నకూతురు నమ్మలేదు. నేను చెప్పాల్సింది చెప్పాను. నమ్మకపోతే వాళ్ల కర్మ. నా బాధ్యత తీరింది.

తీరలేదు.

24, బుధవారం

మేకు మీంచి బెల్టు దింపాను. భయపడి పిల్లని కింద కూర్చోబెట్టి ఉంచితే టీచరమ్మ గెలిచినట్టు, స్టూలు గెలిచినట్టు, దిండు గెలిచినట్టు. నేను మోస్తాను. కానీ ఈ బెల్టుతో కాదు.

బ్లేడుతో వెల్క్రో మొత్తం విప్పి తీసేశాను. నా జీవితంలో చేసిన అన్ని వేళాకోళాల్లోకీ గొప్పదాన్ని నా చేత్తోనే పీకేశాను. తీస్తుంటే కూడా చర్ర్‌మంది. పొట్లం నిద్రలో నవ్వింది.

దాని బదులు నైలాన్ పట్టీలు రెండు, ట్రావెల్ బ్యాగులకి వేసే పెద్ద బకిళ్లు రెండు. రెండూ వీపు వెనక. నా చేతికి అందవు. భోజనం అయ్యాక విప్పుకుందామన్నా కుదరదు, ఎవరో ఒకరు బిగించాలి, ఎవరో ఒకరు విప్పాలి.

ఎర్రదారంతో కుట్టాను. తర్వాత దాని మీదే మళ్లీ. తర్వాత మళ్లీ. నా కుట్టు మీద రెండో కుట్టు పడదని ఈ వీధిలో పందేలు కాశాను. ఈ రోజు మూడు పడ్డాయి.

బకిళ్ల డబ్బా, పన్నెండు కిలోలది, పీట మీద పెట్టుకుని నూరు గెంతులు గెంతాను. తాళాలాయన లెక్కపెట్టాడు. యాభై దగ్గర తప్పుపోయి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు, కావాలనే అనుకుంటాను.

27, శనివారం

పొట్లం మళ్లీ పీటెక్కింది. రోజూ పొద్దున తాళాలాయన వెనక నిలబడి బిగిస్తున్నాడు, గుర్రానికి జీను కట్టినట్టు. ఎడం చెయ్యి దాని వీపు మీంచి తీయడం లేదు. వీధి నవ్వింది. నవ్వుకోండి, మీ పళ్లు మీవి.

పోస్టుమాన్ వంగాడు. పొట్లం నా చెయ్యి పట్టి బెల్టు మీద పెట్టింది. అక్కడ ఏమీ లేదు. నా మొహంలోకి చూసింది.

నోటితో "చర్ర్" అన్నాను. పెద్దగా పండలేదు. మళ్లీ అన్నాను.

6వ తారీఖు, సోమవారం

పొట్లం గోడ వదిలి మూడడుగులు వేసింది. ఎత్తుకు తిప్పితే నడక రాదన్న వాళ్లందరినీ పిలిచి చూపించాను. పిలిచేసరికి కూర్చుండిపోయింది. నమ్మలేదు. అలవాటైంది.

14, మంగళవారం

అమ్మాయి బస్సు దిగి నేరుగా కొట్టుకే వచ్చింది. పొట్లం ఆరు వారాల కోపమంతా ఒక నిమిషం చూపించి తల్లి మెడకి అతుక్కుపోయింది.

"ఇది కాస్త విప్పు, నాకు అందదు" అని వెనక్కి తిరిగాను.

పిల్లని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో నా వీపు తడిమింది.

"వెల్క్రో ఏది? ఫోనులో వినిపించావుగా."

"పీకేశాను."

ఈ కొట్లోనే తోలుముక్కలతో ఆడుకుని పెరిగిన పిల్ల. గోరు కుట్టు మీద నడవడం నా వీపుకి తెలుస్తోంది.

"ఒకటి... రెండు... మూడు. నాన్నా, ఇక్కడ మూడుసార్లు కుట్టావు."

"అవును."

"నువ్వు రెండోసారి కుట్టవుగా."

"అవును."

"అయితే ఆ రోజు ఫోనులో చెప్పింది..." ఆగింది. "నిజంగానే పడిందా?"

"పడబోయింది" అన్నాను. తర్వాత, "పడింది" అన్నాను. బకిల్ సంగతి, వెల్క్రో సంగతి, నవ్వడానికి తీసిన చెయ్యి సంగతి, చీమ సంగతి, వరసగా చెప్పాను. ఎక్కడా జోకు వేయలేదు. రెండుచోట్ల నోటిదాకా వచ్చింది, మింగాను.

పిల్లనెత్తుకుని కొట్టు బయటికి వెళ్లి నిలబడింది. పక్కన తాళాలాయన ఒకే తాళంచెవిని అరగదీసి అరగదీసి సూది చేశాడు. నేను పీట నడుంకే పెట్టుకుని, టీచరమ్మ ఊరికి ఏ బస్సు ఎన్ని గంటలకో గుర్తుచేసుకుంటున్నాను.

లోపలికి వచ్చింది.

"తిరుగు" అంది.

విప్పుతుందనుకున్నాను. రెండు పట్టీలూ పట్టి ఒక్క గుంజు గుంజింది.

"అమ్మో, ఊపిరాడటం లేదే!"

"ఆడకపోనీ. ఇంకోసారి వదులు చేసుకో, చెబుతాను నీ సంగతి."

"ఎవరి పోలికే నీకు ఈ రౌడీతనం?"

"నీ పోలికే. తిరుగు ఇటు."

తిరిగాను. పొట్లాన్ని బెంచీ మీద పెట్టలేదు. నా చేతికి ఇచ్చింది.

19, ఆదివారం

టీచరమ్మ వచ్చింది. చీమ నిర్దోషి అని నేనే చెప్పాను. అంతా విని కళ్లద్దాలు తీసి తుడిచింది. అంటే సున్నా మార్కులన్నమాట.

"పాప నాతో వస్తుంది" అంది.

"పాప ఇక్కడే ఉంటుంది అత్తయ్యా. రోజూ పొద్దున బెల్టు నేనే బిగించి డ్యూటీకి వెళ్తాను" అంది అమ్మాయి. గట్టిగా కాదు, కానీ మూడు కుట్లు వేసినట్టు అంది.

"మిమ్మల్ని నమ్మి మార్కులేశాను చూడండి, అదీ నా తప్పు" అంది టీచరమ్మ నాతో.

"నిజమేనండీ. ఆ మార్కులు తీసేసుకోండి. పొట్లాన్ని మాత్రం ఇవ్వను."

ఇంకా ఏదో అనబోయింది. చేతిలో కళ్లద్దాలు జారి కింద పడ్డాయి. తీసుకోవడానికి వంగింది.

నేను నోరు విప్పలేదు. నా రెండు చేతులూ పొట్లం మీదే ఉన్నాయి, నా నోరు మూసే ఉంది, కన్నకూతురే సాక్షి.

పీట మీంచి పొట్లం, తల ముందుకి వంచి, పెదవులు బిగించి, "చర్ర్‌ర్" అంది.

టీచరమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిటారుగా లేచింది.